మాయమైన చిటికెన వేలు

బసవమ్మ అనే పేరుతో కంప్యూటర్ గ్రాఫిక్స్ పాఠం చెప్పే మనిషి గుంటూరు జిల్లాలో ఇంకొకరు ఉండరనుకుంటాను. నాయనమ్మ పేరు పెట్టారట. కొత్తలో పిల్లలు వెనక బెంచీల్లోంచి ఎద్దు మెడలో గంటల చప్పుడు చేసేవారు. ఆవిడ బోర్డు మీద రాస్తున్నది ఆపకుండానే, "ఆ గంట కట్టుకున్న అబ్బాయి వచ్చి ఈ లెక్క పూర్తి చెయ్యి నాయనా" అనేది. లెక్క రాక వాడు బిక్కమొహం వేస్తే మిగతావాళ్లు వాడికే గంటలు కొట్టేవారు. కొన్నాళ్లకు ఆ అల్లరి దానంతటదే సద్దుమణిగింది.

నా పేరు ఖుర్షిదా. ఆ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేదాన్ని. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే హైవే పక్కన, పత్తి చేలు కొని కట్టిన కాలేజీ. దాని పేరు చెప్పను. నాకు నోరెక్కువ, బసవమ్మకు తక్కువ. అందుకే మా ఇద్దరికీ కుదిరింది. వయసులో నాకంటే చిన్నదైనా నేను మేడం అనేదాన్ని, ఆవిడ నన్ను పేరు పెట్టి పిలిచేది.

2006 మొదట్లో యాజమాన్యం ఒక కబురు చెప్పింది. బీటెక్ చదువుతోనే పాఠాలు చెబుతున్నవాళ్లు జూన్‌లోగా ఎమ్‌టెక్ పూర్తి చేసుకోవాలి, లేకపోతే ఇంటికి వెళ్లిపోవాలి. తనిఖీకి వచ్చేవాళ్లు లెక్చరర్ల చదువులు అడుగుతున్నారట. బసవమ్మ అప్పటికే ఉద్యోగం చేస్తూ ఎమ్‌టెక్ చదువుతోంది. పరీక్షలు అయిపోయాయి, ప్రాజెక్టు ఒక్కటే మిగిలింది. ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి సంపాదించుకున్న ఉద్యోగం అది. అది ఉండబట్టే పెళ్లి మాట ఎత్తిన చుట్టాలకు ఇప్పుడు కాదని చెప్పగలుగుతోంది. ఉద్యోగం పోతే ఇంట్లో కూర్చోవాలి, ఇంట్లో కూర్చున్న మనిషి మాట ఎవరు వింటారు? ఈ సంగతి నాతో ఒక్కసారే అంది.

ప్రాజెక్టు ఏమిటంటే, బొమ్మలకు ఎముకలు తియ్యడం. కంప్యూటర్‌లో మనిషి బొమ్మను నడిపించాలంటే చెయ్యి ఎక్కడ వంగాలో, కాలు ఎక్కడ మడవాలో దానికి తెలియాలి. పైకి కనిపించే ఆకారం ఒక్కటే ఉంటే చాలదు, లోపల ఎముకల గూడులాంటి గీతలుండాలి. యానిమేషన్ కంపెనీల్లో మనుషులు కూర్చుని ఆ గీతలు చేత్తో పెడతారు. ఆకారం ఇస్తే చాలు, గీతలు కంప్యూటరే వెతుక్కునే ప్రోగ్రాం బసవమ్మ రాస్తోంది. ముందు ఆకారాన్ని పాచికల్లాంటి చిన్న చిన్న గడులుగా పేరుస్తారు. ప్రోగ్రాం అన్ని వైపుల నుంచీ పై పొర ఒలుస్తుంది, తర్వాత దాని కింది పొర, ఆ తర్వాత ఇంకో పొర. ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలుచుకుంటూ పోతే, అంచులన్నిటికీ సమాన దూరంలో నట్టనడుమ ఉన్న గడులు మిగులుతాయి. అదే ఎముక. నియమం కూడా సులువే. అంచు గడి వెనక ఇంకో గడి ఉంటే అంచు గడిని తీసెయ్యాలి, వెనక ఏమీ లేకపోతే దాన్ని ఉంచాలి.

కుర్చీకి బాగా వచ్చింది. గుర్రానికి ఇంకా బాగా వచ్చింది. మనిషి చెయ్యి దగ్గర వచ్చింది చిక్కు. బొటనవేలు నిలిచేది, మిగతా మూడు వేళ్లూ నిలిచేవి. చిటికెన వేలు మాత్రం ఒలుస్తూ ఉండగానే మొత్తంగా మాయమైపోయేది. ఆవిడ ప్రోగ్రాంలో ప్రతి వరుసా తిరిగి చదివింది. తప్పు కనబడలేదు.

శ్రీకృష్ణ గారు మా డిపార్ట్‌మెంట్ హెడ్డు, ఆవిడ ప్రాజెక్టుకు గైడు కూడా. చొక్కా మడత నలగనివ్వని మనిషి. హైదరాబాద్‌లో ఏదో సదస్సుకు పేపరు పంపాల్సిన గడువు మీదికొచ్చింది. బసవమ్మ చిటికెన వేలి సంగతి చెబితే, "దానికేముందమ్మా" అని నా ల్యాబ్‌లోనే, నా మెషిన్ మీదే పెయింట్ తెరిచి, మౌసుతో ఒక గీత గీశారు. చిటికెన వేలి మధ్యలో ఎర్రటి గీత, అచ్చం ప్రోగ్రాం తీసినట్టే ఉంది. పేపరు అచ్చయింది. మొదటి పేరు బసవమ్మది, రెండోది ఆయనది. ఆవిడ ఏమీ అనలేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

మార్చిలో వైవా పెట్టారు. విశాఖపట్నం నుంచి ఎగ్జామినర్ వస్తున్నాడు. ప్రోగ్రాం ఇంకా వేలిని మింగుతూనే ఉంది.

వైవాకు ముందు వచ్చిన ఆదివారం ఆవిడ ఊరికి వెళ్లింది. అక్కడ జరిగింది మర్నాడు బస్సులో నాకు పూసగుచ్చినట్టు చెప్పింది.

ఆ రోజు మబ్బు పట్టింది. మిరపచేలు ఎర్రబడిన సమయంలో మబ్బు పడితే మా వైపు ఎవరికీ అన్నం సయించదు. కాయ తడిస్తే తెల్లమచ్చ వస్తుంది, ఆ కాయను అడిగేవాడుండడు. ఆవిడ తండ్రి బుల్లయ్యగారు జ్వరంతో మంచంలో ఉన్నాడు. ఆయనది సొంత విత్తనం. ఏటా రెండో కోతలో చేను నట్టనడుమ ఒక సాలు, అంటే ఒక వరుస మొక్కలు, కొయ్యకుండా ఆపి, ఆ కాయను విడిగా ఎండబెట్టి విత్తనం తీస్తాడు. గట్ల పక్క మొక్కలకు పొరుగు చేల పుప్పొడి సోకి రకం కలిసిపోతుంది. నడిమి సాలు అన్ని గట్లకూ దూరం కాబట్టి ఆ కాయే విత్తనానికి నమ్మకం. ఊళ్లో ఇంకో నాలుగిళ్ల వాళ్లు ఆయన విత్తనంతోనే నారు పోస్తారు. కోతప్పుడు ఆయనే తలకు తువ్వాలు చుట్టుకుని ఆ సాలులో నిలబడతాడు. ఏ సాలు ఆపాలో ఎవరికీ నోటితో చెప్పాల్సిన పని ఎప్పుడూ రాలేదు.

ఈసారి ఆయన లేడు. మబ్బు చూసి రెండు కూలీ ముఠాలను పిలిచారు. ఒకటి తూర్పు గట్టు నుంచి, ఒకటి పడమటి గట్టు నుంచి కోసుకొస్తారు. బసవమ్మ రెండు ముఠాలకూ ఒకే మాట చెప్పింది.

"మీ ముందు ఇంకో సాలు కాయతో ఉంటే మీ సాలు కోసుకోండి. ముందు కాయ లేకపోతే మీది ఆపెయ్యండి. అదే విత్తనం సాలు."

చెప్పి కళ్లంలో కాయ మీద కప్పే పట్టాలు సర్దడానికి వెళ్లింది. ఇంత తేలిగ్గా చెప్పగలిగినందుకు తనను తానే మెచ్చుకుంది కూడా. తిరిగొచ్చేసరికి చేలో ఎరుపన్నది లేదు. ఆడవాళ్లు బుట్టలు దించుకుని నీళ్లు తాగుతున్నారు.

"విత్తనం సాలేదీ?" అని అడిగింది.

తూర్పు ముఠాను నడిపే రసూల్‌బీ తలెత్తి చూసింది. "మా ముందు సాలు కాయతోనే ఉందిగా అమ్మా. అందుకే మాది కోశాం."

"మా ముందూ ఉంది. వాళ్లు కోస్తన్న సాలే గదా" అంది పడమటి ముఠా జయకుమారి.

ఇద్దరూ చెప్పిన మాట చెప్పినట్టే చేశారు. చివరికి రెండే సాళ్లు మిగిలినప్పుడు, ఎదుటి ముఠా సాలు కాయతో కనబడింది కాబట్టి ఎవరి సాలు వాళ్లు కోసేశారు. రెండూ ఒకేసారి ఖాళీ అయ్యాయి. బుట్టలన్నీ అప్పటికే కుప్పలో పడ్డాయి. ఏ కాయ నడిమిదో ఏది గట్టుదో ఇక ఎవరూ చెప్పలేరు.

బసవమ్మ ఆ సాళ్ల మధ్య నిలబడిపోయింది. చిటికెన వేలు ఎందుకు మాయమవుతోందో అక్కడే తెలిసిందట. తెలిసినందుకు సంతోషం రాలేదు. తండ్రి మొహం ఎలా చూడాలా అనుకుంటూ ఇంటికెళ్లి జరిగింది చెప్పింది.

"ఎవరు చెప్పారు అట్టా కొయ్యమని?" అని అడిగాడు బుల్లయ్యగారు.

"నేనే నాన్నా."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆవిడే అంది. "కుప్పలోంచి కొంత తీసి విత్తనానికి పెడదాం నాన్నా. చూపుకి అన్నీ ఒకటేగా. వాళ్లకేం తెలుస్తుంది?"

"వచ్చే ఏడు కాయ కాసినప్పుడు తెలుస్తది."

"తర్వాతి కోత కాయ పనికిరాదా?"

"కాయ సన్నబడిద్ది. దాన్ని ఇంకొకళ్ల చేతిలో పెట్టలేను."

లేచి దుప్పటి కప్పుకుని, ఆ జ్వరంతోనే నాలుగిళ్లకూ వెళ్లాడు. ఆవిడ వెనకాలే నడిచింది. ప్రతి ఇంటి ముందూ ఆయన ఒకటే మాట అన్నాడు. "ఈ ఏడు నా దగ్గర విత్తనం లేదు. నేను సరిగా చూసుకోలా. వేరే చోట చూసుకోండి." ఒకాయన, ముందే చెబితే ఇంకెక్కడన్నా అడిగేవాళ్లం గదా అని గట్టిగానే కేకలేశాడు. బుల్లయ్యగారు కూతురి పేరు ఎత్తలేదు.

"తల ఎత్తలేకపోయాను ఖుర్షిదా" అంది బస్సులో. కిటికీ వైపు తిరిగి ఉంది. నేను చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఆ రోజు ల్యాబ్‌లో కూర్చుని ప్రోగ్రాం మార్చింది. అన్ని వైపుల నుంచీ ఒకేసారి ఒలవడం మానేసింది. ఒక వైపు ఒలిచాక ఆగాలి, మిగిలింది మళ్లీ చూసుకున్నాకే రెండో వైపు ఒలవాలి. అలా ఆరు వైపులా వంతులవారీగా. చిటికెన వేలి మందంలో గడులు సరి సంఖ్యలో ఉండటం వల్ల చివరికి పక్కపక్కనే రెండు మిగిలేవి. రెండిటికీ పక్కది కనబడేది, రెండూ పోయేవి. ఇప్పుడు ఒకటి పోతే రెండోది నిలిచింది. చిటికెన వేలికి మొదటిసారి ఎముక వచ్చింది. కాస్త ఒక పక్కకు ఒరిగి ఉంది, అయినా ఎముకే. నేను కుర్చీలోంచి లేచి ఆవిడ భుజం మీద ఒక్కటిచ్చాను.

శ్రీకృష్ణ గారు వచ్చి చూశారు. అచ్చయిన పేపరు తీసి పక్కన పెట్టి మళ్లీ చూశారు. ఆయన మొహంలో రంగు మారింది.

"చెయ్యి బొమ్మ వైవాలో చూపించొద్దమ్మా."

"ఇప్పుడు సరిగ్గా వస్తోంది సార్."

"అదే చెబుతున్నా. పేపర్లో గీత నడిమధ్యన ఉంది, ఇక్కడ ఒక పక్కకుంది. రెండూ పక్కపక్కన పెట్టి అడిగితే ఏం చెబుతావ్? గుర్రం చూపించు, కుర్చీ చూపించు, పాసైపో. జూన్‌లో నీ పేరు లిస్టులో ఉండాలంటే నా మాట విను." తర్వాత నావైపు తిరిగారు. "ఖుర్షిదా గారూ, ఆ చెయ్యి ఫైలు మెషిన్‌లోంచి తీసెయ్యండి."

అలాగేనన్నాను. తియ్యలేదు.

వైవా రోజు ల్యాబ్‌లోనే కుర్చీలు వేశారు. ఎగ్జామినర్ సన్నటి మనిషి, మాట తక్కువ. గుర్రం చూశాడు, కుర్చీ చూశాడు, తల ఊపాడు. శ్రీకృష్ణ గారు కాఫీ తెప్పించారు. అయిపోయిందనుకున్నాను. ఎగ్జామినర్ సంచిలోంచి ఆ పేపరు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ చెయ్యి చూపించండి."

"ఆ ఫైలు ఇప్పుడు మెషిన్‌లో లేదండి" అన్నారు శ్రీకృష్ణ గారు.

బసవమ్మ నావైపు చూసింది. నేను ఉందన్నట్టు తలాడించాను. ఆవిడ ఫైలు తెరిచి ప్రోగ్రాం నడిపింది. శ్రీకృష్ణ గారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

వంతులవారీగా ఒలిచే ప్రోగ్రాం కదా, నత్తనడక. తెర మీద చెయ్యి కొద్దికొద్దిగా సన్నబడుతోంది. సగంలో కరెంటు పోయింది. మా వైపు ఎండాకాలం కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. ఫ్యాన్లు ఆగాయి, బ్యాటరీలు కూతపెట్టడం మొదలుపెట్టాయి. అవి పాతబడిపోయి ఉన్నాయని నాకు తెలుసు. పరుగున వెళ్లి మిగతా మెషిన్లన్నీ ఆపేశాను, ఆవిడ ముందున్నది ఒక్కటే ఉంచాను. కూత ఆగలేదు. మెషిన్ ఆరిపోతే మళ్లీ మొదటి నుంచీ నడపాలి, అంతసేపు ఆ పెద్దమనిషి కూర్చోడు. శ్రీకృష్ణ గారు గడియారం చూసుకుంటున్నారు. అది ఆరిపోతే బాగుండునని ఆయన, ఆరకూడదని నేను. బసవమ్మ మాత్రం తెర మీద నుంచి కళ్లు తియ్యలేదు. చిటికెన వేలు దారంలా సన్నబడింది. ఇక పోతుందనిపించింది. పోలేదు, నిలిచింది.

ఎగ్జామినర్ తెర పక్కన పేపరు పట్టుకుని రెండూ మార్చి మార్చి చూశాడు.

"ఇందులో గీత సరిగ్గా మధ్యలో ఉంది. తెర మీద పక్కకు ఒరిగింది. రెండూ ఒకే ప్రోగ్రామా?"

"పేపర్లోది పాతదండి" అన్నారు శ్రీకృష్ణ గారు. "ఆ తర్వాత కొన్ని మార్పులు..."

"పాతదే ఇంత బాగా చేస్తే మార్చడం దేనికి?"

బ్యాటరీ కూత ఒక్కటే వినబడుతోంది. మధ్యలో నోరు చేసుకోకూడదని పళ్లు బిగబట్టుకున్నాను. ఆవిడ మెడ మీద చెమట కారుతోంది. అవును, అది వేరే పద్ధతి అని ఒక్క మాట అంటే చాలు, ఆ సాయంత్రానికి ఎమ్‌టెక్ చేతికొస్తుంది, ఉద్యోగం నిలుస్తుంది.

"పాతది ఆ వేలిని మొత్తం మింగేసిందండి" అంది బసవమ్మ. "పేపర్లో ఉన్నది ప్రోగ్రాం తీసిన గీత కాదు. చేత్తో గీసింది."

"ఎవరు గీశారు?"

ఆవిడ శ్రీకృష్ణ గారి వైపు చూడలేదు. "దాని మీద మొదటి పేరు నాదండి. చూసి కూడా ఊరుకున్నాను."

ఎగ్జామినర్ ఆవిడను కాదు, ఆయన్ని చూశాడు. ఆయన కాఫీ కప్పు వైపు చూశారు. తర్వాత ఎగ్జామినర్, పాత ప్రోగ్రాం ఎందుకు మింగిందని అడిగాడు. ఆవిడ రెండు ముఠాల సంగతి చెప్పింది. ఆయన పూర్తిగా విన్నాడు.

"అయితే ఏ పక్కకు ఒరిగితే సరైనదంటారు?"

"ఏ పక్కదైనా ఫరవాలేదండి, ఒకటి మిగలాలి. రెండిటికీ ఒకేసారి ఒకే మాట చెబితే ఏదీ మిగలదు."

ఆయన నవ్వలేదు, మెచ్చుకోలేదు. పాస్ అని రాసి సంతకం పెట్టాడు. లేచేటప్పుడు మాత్రం, "ఆ పేపరు సంగతి సదస్సువాళ్లకు మీరిద్దరూ కలిసి రాయండి" అని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే బసవమ్మ ఉత్తరం రాసింది. ఆ బొమ్మ సరైనది కాదు, పేపరు వెనక్కి తీసుకుంటున్నాం అని. తన సంతకం పెట్టి శ్రీకృష్ణ గారి బల్ల మీద ఉంచింది. ఆయన దాన్ని సొరుగులో పడేసి, "చూద్దాంలే" అన్నారు.

జూన్‌లో లిస్టు అంటించారు. ఎమ్‌టెక్ ఉన్నా బసవమ్మ పేరు లేదు. కారణం అడిగితే విద్యార్థులు తగ్గారన్నారు. శుద్ధ అబద్ధం. ఆ ఏడు ఒక సెక్షన్ పెరిగింది. ఆవిడ బల్ల సొరుగు ఖాళీ చేస్తుంటే నేను పక్కన నిలబడి హెడ్డును నోటికొచ్చినట్టు తిట్టాను.

"ఊరుకో ఖుర్షిదా, నీ ఉద్యోగం కూడా పోద్ది" అంది. గేటు దాకా బాగానే నడిచింది. బస్సు కోసం నిలబడ్డాక ఏడ్చింది. "భయమేస్తోంది. ఇంటికెళ్లాక ఎవరికేం చెప్పాలో తెలియట్లేదు" అంది. నాకూ ఏడుపొచ్చింది.

సెప్టెంబరులో తనిఖీ బృందం వచ్చింది. ల్యాబ్‌లో ఏదైనా మంచి పని చూపించమన్నారు. శ్రీకృష్ణ గారికి చూపించడానికి ఉన్నది ఒకటే. "ఆ చెయ్యి నడపండి ఖుర్షిదా గారూ" అన్నారు నవ్వుతూ. నడిపాను. బృందంలోని ముగ్గురూ కుర్చీలు దగ్గరకు లాక్కుని చూశారు. మా డిపార్ట్‌మెంట్ పరిశోధన అని ఆయన చెప్పుకుపోతున్నారు.

"ఎవరు రాశారిది?" అని వాళ్లలో పెద్దావిడ నన్ను అడిగింది.

"బసవమ్మ గారండి."

"పిలవండి, మాట్లాడదాం."

"ఆవిడ లేరండి. జూన్‌లో తీసేశారు."

"ఎమ్‌టెక్ లేదా?"

"ఈ ప్రాజెక్టు మీదే ఎమ్‌టెక్ వచ్చిందండి."

ఆవిడ చేతిలోని కాగితాలు తిరగేసింది. ఎమ్‌టెక్ ఉన్న లెక్చరర్లు మీకు ఇప్పటికే తక్కువ ఉన్నారు గదా, ఉన్నవాళ్లను పంపించేస్తే కొత్త సెక్షన్‌కు ఇచ్చిన అనుమతి ఎట్లా ఉంచుతామని శ్రీకృష్ణ గారిని అడిగింది. వాళ్లు భోజనానికి వెళ్లగానే ప్రిన్సిపాల్ గదిలోంచి కేకలు వినబడ్డాయి.

కాసేపటికి శ్రీకృష్ణ గారు ల్యాబ్‌కొచ్చారు. ఆయన నంబరు చూసి బసవమ్మ ఫోన్ తియ్యడం లేదట. నా సెల్‌ఫోన్ అడిగారు. నంబరు కలిపి ఇచ్చాను.

"అమ్మా బసవమ్మా, ఏదో పొరపాటు జరిగింది. రేపటి నుంచి వచ్చెయ్యి."

ఆవిడ గొంతు పక్కనున్న నాకు కూడా వినబడింది. "సార్, ఆ ఉత్తరం మీద సంతకం పెట్టారా?"

"అదంతా ఇప్పుడెందుకమ్మా. పాత సంగతి."

"పెట్టి పోస్టు చెయ్యండి సార్. ఆ తర్వాత మాట్లాడదాం."

ఫోన్ పెట్టేసింది. ఆయన మాట్లాడుతుండగా ఫోన్ పెట్టేసిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆయన తన గదికి వెళ్లి సొరుగంతా వెతికి ఆ కాగితం తెచ్చారు. నా బల్ల మీదే పెట్టుకుని సంతకం చేశారు. పోస్టులో వేసి ఆవిడకు మీరే చెప్పండి అని, నా మొహం చూడకుండా వెళ్లిపోయారు.

పోస్టాఫీసు మెట్ల మీద నుంచే ఫోన్ చేశాను.

"సంతకం పెట్టడం నువ్వు కళ్లారా చూశావా?" అని అడిగింది.

"నా ముందే పెట్టారు మేడం. ఇప్పుడే రిజిస్టర్ పోస్టులో పంపించాను."

అటు నుంచి ముక్కు చీదుకున్న చప్పుడయ్యింది.

"సోమవారం వస్తా" అంది.